చలనమా, మార్పా?
సీసీ కెమెరా సూచనపత్రముల గుణదోషములు

ఇంటి గుమ్మమునకు సీసీ కెమెరా తగిలించుకొనుట నేడు పట్టణములలోనే గాక పల్లెలలో కూడ సామాన్యమైనది. కెమెరాతోపాటు పెట్టెలో నాలుగు మడతలు పెట్టిన ఒక సూచనపత్రము ఉండును. దానిని పూర్తిగా చదువువారు అరుదు. చదివిన వారికి చివరి పుటలో ఇబ్బందులకు పరిష్కారములు చూపు పట్టిక ఒకటి కనిపించును. చలనమును గుర్తించు విషయమున చాల పత్రములు చెప్పునది రెండే మాటలు. హెచ్చరికలు అధికముగా వచ్చుచున్నచో సున్నితత్వమును తగ్గింపుడు. అసలు రాకున్నచో సున్నితత్వమును పెంచుడు. జ్వరమన్నవానికి చన్నీళ్లు, చలి అన్నవానికి వేణ్ణీళ్లు ఇచ్చు వైద్యమువంటిది ఈ సలహా.

ఇది అబద్ధమని చెప్పుటకు వీలులేదు. కాని దీనివలన జరుగు నష్టము చిన్నది కాదు. వేసవిలో ఒకనాటి సాయంకాలము ప్రహరీగోడ దాటి వచ్చిన మనిషిని గుర్తింపని కెమెరా, ఆ రాత్రియే రెండు గంటలకు ఒక దీపపు పురుగును చూచి ఫోనును మ్రోగించినదనుకొందురుగాక. గృహస్థుడు పత్రమును తెరచును. మొదటి తప్పునకు మందు సున్నితత్వము పెంచుట, రెండవ తప్పునకు తగ్గించుట. ఒకే మరను ఏకకాలమున రెండు వైపులకు త్రిప్పుట ఎట్లు? నిద్ర చెడుట ప్రతి రాత్రియు జరుగును, దొంగ వచ్చుట ఎప్పుడో గాని జరుగదు. కనుక అతడు తగ్గించును. పిదప హెచ్చరికలనే ఆపివేయును. గుంటూరులోనో కరీంనగరులోనో ఒంటరిగా ఉన్న తల్లిదండ్రుల ఇంటిని అమెరికానుండి ఫోనులో కనిపెట్టి చూచుకొను కుమారుని సంగతియు ఇట్టిదే. ఇక్కడి రాత్రి అతనికి పగలు. పనివేళలో ఇరువదిసార్లు మ్రోగి, ఇరువదిసార్లును కొబ్బరిమట్ట నీడను చూపిన ఫోను ఇరువదియొకటవసారి మ్రోగినపుడు అతడు దానిని జేబులోనుండి తీయడు. ఆ ఇరువదియొకటవది, పెరటిలో కాలుజారి పడిన తల్లి కావచ్చును.

పత్రములలోని మొదటి దోషము పేరులోనే ఉన్నది. చలనమనగా కాలముతోపాటు స్థానము మారుటయని తొమ్మిదవ తరగతి విద్యార్థి ఎరుగును. వాహనముల వేగమును పట్టు పోలీసు రాడారు నిజముగా చలనమునే కొలుచును. తిరిగివచ్చిన తరంగముల పౌనఃపున్యము ఎంత మారినదో చూచి, 1842లో డాప్లర్ చెప్పిన సూత్రము ప్రకారము వేగమును తేల్చును. ఇంటి కెమెరాలు సామాన్యముగా ఈ పని చేయవు. వానిలో కొన్ని తమపై పడు ఉష్ణ వికిరణము మారినదా అని చూచును. మరికొన్ని ఇప్పటి చిత్రము ఇంతకుముందటి చిత్రమువలె ఉన్నదా అని చూచును. రెండును చూచునది మార్పును మాత్రమే. మార్పునుండి చలనమును ఊహించుట యంత్రమును తయారుచేసినవాని సాహసము. ఊహ తప్పిన ప్రతిసారియు యంత్రము చెడిపోయినదని గృహస్థుడు తలచును. యంత్రము చెడిపోలేదు, దానికి అప్పగింపబడిన పని ఏదో అతనికి ఎవరును చెప్పలేదు.

బ్యాటరీతో పనిచేయు కెమెరాలలో తెల్లని చిన్న బుడిపెవంటి కన్ను ఒకటి ఉండును. దీనినే పి.ఐ.ఆర్. సెన్సారు అందురు. ఇది పరారుణ కిరణములను ప్రసరింపజేసి, అవి మనిషికి తగిలి తిరిగివచ్చినపుడు గుర్తించునని అమ్మువారు చెప్పుట కద్దు. ఈ మాట పాఠశాలల ప్రదర్శనలలోని అట్టలమీద కూడ కనబడును. ఉపాధ్యాయులు ముందుగా దిద్దవలసిన తప్పు ఇది. ఈ సెన్సారు ఏ కిరణమును పంపదు. పేరులోని మొదటి అక్షరమునకు అర్థమే అది: ఊరక గ్రహించునది. కిరణములను వెలువరించువాడు మనిషియే. చర్మపు ఉష్ణోగ్రత ఇంచుమించు 34 డిగ్రీల సెల్సియస్, అనగా 307 కెల్విన్. వీన్ సూత్రము ప్రకారము 2898ని 307చే భాగించినచో, ఆ వికిరణము మిక్కుటముగా ఉండు తరంగదైర్ఘ్యము సుమారు 9.4 మైక్రోమీటర్లని వచ్చును. కంటికి కనబడు వెలుతురు 0.4 నుండి 0.7 మైక్రోమీటర్లు. రాత్రి చిత్రము తీయుటకై కెమెరాలలో వెలిగించు పరారుణ దీపములు తరచుగా 0.85 మైక్రోమీటర్లవి. రెండింటికిని పరారుణమనియే పేరు. కాని వాని నడుమ పదిరెట్లకు పైబడిన అంతరమున్నది. ఆ అంతరమును చెప్పక, రెండింటిని ఒక్క పేరుతో పిలిచి ఊరకుండుటవలన పత్రములు ఎంత గందరగోళమును కల్పించుచున్నవో ముందు కనబడును.

ఈ సెన్సారులోని పదార్థమునకు చక్కని చరిత్ర కలదు. సింహళమునుండి డచ్చి వర్తకులు ఐరోపాకు కొనిపోయిన టూర్మలీను రాయి, నిప్పుదగ్గర వేడెక్కినపుడు బూడిదను తనవైపు లాగుకొనెడిది. అందుచేత దానికి బూడిదను లాగు రాయి అని వారు పేరుపెట్టిరి. కొన్ని స్ఫటికముల ఉష్ణోగ్రత మారినపుడు వాని కొనలందు విద్యుదావేశము పుట్టుటయే దీనికి కారణము. 1824లో డేవిడ్ బ్రూస్టర్ ఈ గుణమునకు పైరోవిద్యుత్తని పేరిడెను. ఉష్ణోగ్రత ఎంత ఉన్నదన్నది ఈ స్ఫటికమునకు పట్టదు. అది మారుచున్నంతసేపే ఆవేశము పుట్టును. కదలక కూర్చున్న మనిషి కొంతసేపటికి ఈ కంటికి లేనివాడే యగును. పడిపోయి కదలక ఉన్న వృద్ధురాలును అంతే. ఈ ఒక్క వాక్యము ప్రతి సూచనపత్రమునందును పెద్ద అక్షరములతో ఉండవలసినది, ఉండుట అరుదు.

సెన్సారులో ఇట్టి స్ఫటికపు పలకలు రెండు, ఒకదాని విద్యుత్తు వేరొకదానిని రద్దుచేయునట్లు ఎదురెదురుగా కలుపబడి యుండును. గాలి అంతయు ఒక్కసారిగా వేడెక్కినచో రెండు పలకలును సమానముగా వేడెక్కును, ఫలితము సున్న. మనిషి అడ్డముగా నడచినపుడు మాత్రము వాని వేడి మొదట ఒక పలకమీద, తరువాత రెండవదానిమీద పడి విద్యుత్తు పైకి క్రిందికి ఊగును. వాటి ముందున్న తెల్లని మూత ప్లాస్టిక్కుతో చేసిన ఫ్రెనెల్ కటకముల గుంపు. 1823లో ఫ్రాన్సులోని కోర్దువాన్ దీపస్తంభములో ఫ్రెనెల్ అమర్చిన కటకమునకు ఇది మనుమరాలు. ఒక్కొక్క కటకము ఆవరణలోని ఒక్కొక్క ముక్కను సెన్సారుమీద పడవేయును. ఆ ముక్కలను దాటుచు అడ్డముగా పోవువాడు వెంటనే పట్టుబడును. కెమెరాకు సూటిగా ఎదురుగా నడచి వచ్చువాడు చాలసేపు ఒకే ముక్కలో ఉండిపోవుటచే ఆలస్యముగా పట్టుబడును. వీధి గేటునుండి తిన్నగా తలుపువైపు దారియున్న ఇంటిలో, తలుపుపైననే కెమెరాను బిగించినచో ఇదే జరుగును. సున్నితత్వము పెంచినను పెద్ద లాభముండదు. కెమెరాను నాలుగడుగులు ప్రక్కకు జరిపి, దారికి అడ్డముగా చూచునట్లు బిగించుటయే మందు.

ఇక వేసవి. ఎండాకాలమున సెన్సారు సరిగా పనిచేయకపోవచ్చునని కొన్ని పత్రములు ఒక మాట వ్రాసి చేతులు దులుపుకొనును. చల్లని దేశములలో వ్రాసిన పత్రమునకు ఆ మాట చాలవచ్చును. రామగుండము, రెంటచింతలలవంటి చోట్ల చాలదు. సెన్సారు చూచునది మనిషి వేడిని కాదు, మనిషికిని వెనుకనున్న గోడకును గల భేదమును. గోడ 20 డిగ్రీలయందున్నపుడు, 34 డిగ్రీల చర్మము చదరపు మీటరునకు గోడకంటె సుమారు 86 వాట్లు అధికముగా వెలువరించునని స్టీఫాన్-బోల్ట్జ్‌మన్ సూత్రమునుండి లెక్కించవచ్చును. గోడ 32 డిగ్రీలకు చేరినచో ఆ భేదము 13 వాట్లు మాత్రమే. ఇది మొదటిదానిలో ఆరవవంతు కంటె తక్కువ. గోడ 34 డిగ్రీలయందున్నచో భేదమే లేదు. చిత్రమేమనగా, మిట్టమధ్యాహ్నము గోడ 45 డిగ్రీలు కాలుచున్నపుడు మనిషి మరల కనబడును, ఈసారి చల్లని వస్తువుగా. కాబట్టి సెన్సారు గ్రుడ్డిదగునది ఎండ తీవ్రముగా ఉన్నపుడు కాదు. కాలిన గోడ చల్లారుచు మనిషి ఉష్ణోగ్రతను దాటిపోవు వేళ. వేసవిలో అది తరచు చీకటిపడిన తరువాతనే వచ్చును. ప్రహరీగోడ దాటినవాడు కనబడకపోవుటకు కారణమిది. ఎండాకాలమని ఒక్క మాటలో తేల్చివేసినచో ఈ విషయము ఎన్నటికి తెలియును?

కెమెరాను కిటికీ అద్దము వెనుక ఉంచరాదని పత్రములన్నియు హెచ్చరించును. సలహా మంచిదే, కారణము చెప్పకపోవుటచే సగము వ్యర్థమైనది. సామాన్యమైన కిటికీ అద్దము వెలుతురును పోనిచ్చును గాని 9.4 మైక్రోమీటర్ల వికిరణమును దాదాపు పూర్తిగా అడ్డుకొనును. అందువలన అద్దమునకు ఆవల మనిషి నాట్యము చేసినను పి.ఐ.ఆర్. కన్ను ఎరుగదు. రెండవ కారణము వేరు. రాత్రివేళ కెమెరా స్వంత దీపముల కాంతి అద్దముపై ప్రతిఫలించి కెమెరాలోనికే వచ్చి, చిత్రమును తెల్లగా చేయును. మొదటిదానికి విరుగుడు సెన్సారును వదలి చిత్రములను పోల్చు పద్ధతిని వాడుట. రెండవదానికి విరుగుడు కెమెరా దీపములను ఆర్పి బయట వేరొక దీపము వెలిగించుట. రెండు పరారుణములకు గల అంతరము తెలిసినవాడు ఈ రెండింటిని తానే కనుగొనగలడు.

కరెంటుతో నడచు కెమెరాలలో పలువిధములైనవి చిత్రములను పోల్చుటచే పనిచేయును. సెకనునకు పది చిత్రములను పోల్చు కెమెరా ఒక దినమున 8,64,000 సార్లు పోల్చును. లక్షకు ఒక్కసారి మాత్రమే పొరబడు యంత్రమైనను దినమునకు ఎనిమిది తొమ్మిది తప్పుడు హెచ్చరికలు ఇచ్చును. లక్షకు ఒక్క తప్పు చేయు గుమాస్తాను ఏ కార్యాలయమైనను నెత్తిన పెట్టుకొనును! కెమెరా యజమాని మాత్రము దానిని పనికిమాలినదనును. అతని తిట్టు అన్యాయము కాదు. కాని తప్పు పనితనములో లేదు, పని సంఖ్యలో ఉన్నది.

చిత్రములో ఎంత భాగము మారిన హెచ్చరించవలెనను హద్దు ఒకటి ఇట్టి కెమెరాలకు ఉండును. దానిని నూటికి ఒక వంతు అని పెట్టితిమనుకొన్నచో ఏమగునో గుణించి చూడవచ్చును. చిత్రమునకు 1920 నిలువు వరుసలు, 1080 అడ్డు వరుసలు. మొత్తము 20,73,600 చిత్రబిందువులు. కెమెరా చూపు 90 డిగ్రీల వెడల్పు అయినచో, పది మీటర్ల దూరమున అది ఇరువది మీటర్ల వెడల్పును చూచును. మీటరునకు 96 బిందువులు. అర మీటరు వెడల్పు, 1.7 మీటర్ల ఎత్తు గల మనిషి 48 బిందువుల వెడల్పు, 163 బిందువుల ఎత్తు గల ముక్కగా కనబడును. ఆ ముక్క దాదాపు 7,800 బిందువులు, అనగా చిత్రములో నూటికి 0.38 వంతు. హద్దుకు సగము కూడ కాదు! ఆరు మీటర్ల దగ్గరకు వచ్చిన తరువాతనే అతడు ఒక వంతగును. కటకముమీదుగా పాకిన బల్లి మాత్రము సునాయాసముగా పది వంతులను కప్పును. మేఘపు నీడ వాకిలి అంతయు కప్పును. యంత్రమునకు బల్లి ముఖ్యము, మనిషి అముఖ్యము. సున్నితత్వమును ఎంత త్రిప్పినను ఈ క్రమము మారదు. బల్లి ఎల్లప్పుడును మనిషికంటె ముందే హద్దు దాటును.

రాత్రి సంగతి ఇంకను విషమము. వెలుతురు తీవ్రత దూరపు వర్గమునకు విలోమానుపాతమున ఉండును. కెమెరానుండి 10 సెంటీమీటర్లలో ఎగురు పురుగునకును, 5 మీటర్లలో నడచు మనిషికిని దూరములో 50 రెట్లు భేదము. కాబట్టి పురుగుమీద పడు దీపకాంతి 2,500 రెట్లు అధికము. పురుగు చిత్రములో తెల్లని తోకచుక్కవలె మెరయుటకు కారణమిదియే. సాలెగూటి దారము, వానచినుకు కూడ ఇట్లే మెరయును. తొలకరి వానలకు ఉసిళ్లు లేచిన సాయంకాలము వసారా దీపముప్రక్కనున్న కెమెరా పాట్లు చెప్పనలవి కాదు. ఇక్కడను మందు మరలో లేదు. కెమెరా దీపములను ఆర్పి, వెలుతురును కెమెరాకు దూరముగా, పదిపదిహేను అడుగుల ప్రక్కన పెట్టవలెను. అప్పుడు పురుగులు దీపము చుట్టు తిరుగును, కెమెరా చుట్టు తిరుగవు, తిరిగినను మెరయవు. వారానికొకసారి చీపురుపుల్లతో బూజు దులుపుట కూడ చలన గుర్తింపులో భాగమే యని వ్రాసిన పత్రము ఉన్నచో దానిని మెచ్చుకొనవలెను.

పత్రములలో నిజముగా మెచ్చదగిన సలహా ఒకటి ఉన్నది. చిత్రములో కావలసిన మేరను గీత గీసి, ఆ మేరలోని మార్పులనే చూడుమని కెమెరాకు చెప్పుట. వీధిలో పోవు ఆటోలు, ఊగు చెట్టుకొమ్మలు, దండెముమీది చీరలు గీతకు వెలుపల పోవును. ఇది సున్నితత్వమును తగ్గింపదు, ప్రశ్ననే మార్చును. గేటువద్ద చిన్న మేర గీసినచో మనిషి ఆ మేరలో నూటికి ఇరువది ముప్పది వంతులు నిండును, పై లెక్కలోని చిక్కు చాలవరకు విడిపోవును. ఇంత మంచి సలహా పట్టికలో ఏడవదిగానో ఎనిమిదవదిగానో ఉండి, సున్నితత్వము మొదటిదిగా ఉండుట విచారకరము.

సున్నితత్వపు మర చేయునదేమి? రెండవ ప్రపంచ యుద్ధకాలపు రాడారు తెరలముందు కూర్చున్నవారికి ఈ ప్రశ్న ప్రాణాంతకమైనది. మినుకుమన్న ప్రతి చుక్కను శత్రు విమానమనినచో తప్పుడు కేకలు పెరుగును; గట్టి చుక్కలనే నమ్మినచో విమానములు తప్పించుకొనును. ఆ చిక్కునుండి పెరిగిన శాస్త్రమును 1966లో గ్రీన్, స్వెట్స్ అనువారు ఒక గ్రంథముగా కూర్చిరి. అందలి సారము ఇది: హద్దును జరుపుటవలన ఒక తప్పును తగ్గించి రెండవ తప్పును పెంచవచ్చును గాని, రెండును కలిసి తగ్గవు. రెండును తగ్గవలెనన్న సంకేతమే స్పష్టము కావలెను. కెమెరా చోటు, దీపము, గీసిన మేర, తుడిచిన కటకము ఇవియే సంకేతమును స్పష్టము చేయునవి. మర చేయునది బేరము మాత్రమే.

ఇటీవలి కెమెరాలు మార్పును చూచుటతో ఆగక, మారినది మనిషియా, పిల్లియా, బండియా అని పోల్చుకొనుచున్నవి. లక్షలకొలది ఛాయాచిత్రములతో శిక్షణ పొందిన గణనపద్ధతులు వీనిలో పనిచేయును. కొబ్బరిమట్ట బాధ దీనితో చాలవరకు తీరినదనుట సత్యమే. కాని ఈ క్రొత్త గుణమును సర్వరోగనివారిణిగా ప్రకటించు పత్రములు మరల పాత తప్పే చేయుచున్నవి. 2019లో బెల్జియములోని లూవెన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు రంగులు అచ్చువేసిన ఒక అట్టను మనిషి పొట్టదగ్గర పట్టుకొన్నచో, ఇట్టి గణనపద్ధతి ఒకటి అతనిని మనిషిగా గుర్తింపకపోవుటను చూపిరి. పైగా బ్యాటరీ కెమెరాలలో చిత్రమును చూచు భాగము నిద్రపోవుచుండును. దానిని లేపునది పాత పి.ఐ.ఆర్. కన్నే. వేసవి సాయంకాలమున ఆ కన్ను లేపనిచో ఎంత తెలివియైనను నిద్రలోనే ఉండును. లేచుటకు రెండు సెకనులు పట్టినను, సెకనునకు 1.4 మీటర్ల మామూలు నడకతో మనిషి 2.8 మీటర్లు దాటిపోవును. చిత్రములో మిగులునది వాని వీపు.

న్యూయార్కు నగరములోని మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్ అను నర్సు తన భర్తతో కలిసి గృహరక్షణ టెలివిజను పద్ధతికి 1966లో పేటెంటు కోరి 1969లో పొందెను. తలుపులోని రంధ్రములవద్ద పైకి క్రిందికి జరుగు కెమెరా, లోపల చూచుటకు తెర, మాటలాడుటకు మైకు అందుండెను. చూచి నిర్ణయించు పని మాత్రము ఆమె మనిషికే ఉంచెను. ఆ పనిని యంత్రమునకు ఇచ్చిన తరువాత, అది ఏమి చూచుచున్నదో యజమానికి చెప్పు బాధ్యత సూచనపత్రముమీద పడినది. సున్నితత్వపు మరను చూపి ఊరకుండుట ఆ బాధ్యతను తప్పించుకొనుటయే.

పాఠశాలలో కెమెరా ఉన్నచో ఉపాధ్యాయుడు ఒక మధ్యాహ్నము దీనిని పరీక్షింపజేయవచ్చును. ఆవరణలో కెమెరానుండి రెండేసి మీటర్లకు సుద్దతో గీతలు గీయించి, ఒక విద్యార్థిని ఒకసారి అడ్డముగా, ఒకసారి సూటిగా నడిపించి, హెచ్చరిక ఏ గీతవద్ద వచ్చినదో వ్రాయించవలెను. అదే పరీక్షను వేసవిలో ఉదయము ఏడింటికి, మధ్యాహ్నము రెండింటికి, చీకటిపడిన పిదప చేయించి, ప్రతిసారి వెనుక గోడ ఉష్ణోగ్రతను ఉష్ణమాపకముతో కొలిపించవలెను. పి.ఐ.ఆర్. కెమెరా అయినచో మూడు పట్టికలు మూడు విధములుగా వచ్చును. సున్నితత్వపు మరను ఆ మూడు వేళలందును ముట్టుకొనరాదు.